అతుకు తెరిచే మనిషి

భానూరు దగ్గరి ఒక కర్మాగారంలో లతీఫ్ పద్దెనిమిదేళ్లుగా వెల్డర్. అతుకు పైకి ఎంత నున్నగా కనబడినా అతడు నమ్మడు. ఎక్స్‌రే తీసి లోపల పగులు లేదని తేల్చాకే నమ్ముతాడు. అలాంటివాడు ఇంట్లో మాత్రం మూడేళ్లపాటు ఏ పరీక్షా లేకుండా అందరి మాటా నమ్మాడు.

దాని ఫలితం ఏడేళ్ల కూతురు తూబా అనుభవించింది. కాసేపు ఎండ తగిలితే చాలు, ఆ పిల్ల ముఖం కాలినట్టు ఎర్రబడేది. ఆపైన ఆవాలు చల్లినట్టు మచ్చలు. లతీఫ్ తల్లి ఆ మచ్చలు పోవాలని రోజూ నువ్వుల నూనె రాసి మిద్దె మీద ఎండలోనే కూర్చోబెట్టింది. "కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణంల తిరిగినవ్, గందుకే గిట్లయింది" అని కోడలు సకీనాను దెప్పింది కూడా.

చివరికి హైదరాబాదులో జన్యుపరీక్ష జరిగింది. డాక్టరు చెప్పింది లతీఫ్‌కు ఇట్టే అర్థమైంది. ఇంటికొచ్చి తల్లిని కూర్చోబెట్టాడు.

"అమ్మీ, పైపు అతుకుల పగులు దొరికితే నేను పోయి మీదికెళ్లి వెల్డింగ్ కొడ్తనా? కొట్ట. ముందుగాల గ్రైండర్ పట్టేటోడు అతుకు తెరుస్తడు. పాడైన ముక్క తీసేస్తరు. గప్పుడు నింపుతం. ఒంట్ల గూడ గంతే. ఎండకు డీఎన్ఏ దెబ్బతింటే దాని రెండు పోగులు విప్పేటోడు ఒకడుంటడు, హెలికేజ్ అంటరు. ఆడు విప్పితేనే కోసేటోడు కోస్తడు, నింపేటోడు నింపుతడు. మన బిడ్డ ఒంట్ల ఆడు సరిగ పనిచేస్తలేడు. మిగిలినోళ్లంత చేతులు కట్టుకొని నిలబడ్డరు."

"మరి గ్రహణం?"

"గ్రహణం రోజే మన తూబాకు పండుగ, అమ్మీ. సూర్యుడు దాసుకుంటడు గద!"

మూడేళ్లలో మొదటిసారి సకీనా పగలబడి నవ్వింది. ఆమె, లతీఫ్ మేనత్త మేనమామల బిడ్డలు. హెలికేజ్‌ను తయారుచేసే జన్యువుకు ఎవరిలోనైనా రెండు నకళ్లుంటాయి; వాటిలో చెడిన నకలు ఒకటి వీళ్లిద్దరిలోనూ ఉంది. పక్కన మంచి నకలు ఉండటంతో వాళ్లకేమీ కాలేదు. తూబాకు మాత్రం రెండూ చెడినవే వచ్చాయి. ఆ లోటును తీర్చే మందు ఇంకా రాలేదు. దెబ్బ తగలనీయకపోవడం ఒక్కటే దారి.

మరి బడి? బీరంగూడ బడి ప్రధానోపాధ్యాయురాలు సుమిత్ర తూబాను మళ్లీ తీసుకోవడానికి ససేమిరా అంది.

"ఇది అంటుకునే రోగం గాదని నాకు తెల్సు, లతీఫ్ భాయ్. కానీ క్లాసుల కిటికీల నిండ ఎండనే. పిల్లకేమన్న అయితే? ఇంట్లనే సదివించుకోరాదు?"

తూబా నాలుగు నెలలుగా ఇల్లు కదల్లేదు. "నా బెంచి మీద ఎవర్ని కూసోబెట్టిన్రు?" అని రోజూ అడుగుతుంది.

"ఎండల దెబ్బగొట్టే కిరణం లోపలికి వస్తలేదని కొలిచి చూపిస్తే?" అన్నాడు లతీఫ్.

"చూపిస్తే తీసుకుంట."

ఎండలోలాగే వెల్డింగ్ మంట నుంచి కూడా వచ్చే అతినీలలోహిత కిరణాలను కొలిచే మీటరు కర్మాగారంలో ఉంది. అనుమతి రాయించుకుని తెచ్చాడు. ఆదివారం భార్యాభర్తలు తరగతి కిటికీలన్నిటికీ ఆ కిరణాలను ఆపే ఫిల్మ్ అంటించారు. సకీనా మందపాటి గుడ్డతో ముసుగు కుట్టి, గ్రైండింగ్ పనివాళ్లు కట్టుకునే పారదర్శకమైన షీల్డును దాని ముందు అమర్చింది. తూబా ఆ ముసుగేసుకుని మీటరు పట్టుకుని గదంతా తిరిగింది. అన్నిచోట్లా సున్నా. నల్లబల్ల దగ్గర మాత్రం అంకె ఎగిరింది.

"పప్పా, పైన సూడు!"

నల్లబల్ల మీది వెంటిలేటరును ఇద్దరూ మరిచారు. పద్దెనిమిదేళ్ల వెల్డర్ వదిలేసిన పగులును ఏడేళ్ల పిల్ల పట్టింది. లతీఫ్ సిగ్గుపడలేదు, గర్వపడి ఫిల్మ్ చుట్టతో నిచ్చెనెక్కాడు.

సోమవారం మిట్టమధ్యాహ్నం సుమిత్ర మీటరు తనే అందుకుంది. ప్రతి కిటికీ ముందూ నిలబడి చూసింది. వెంటిలేటరు కింద రెండుసార్లు చూసింది.

"సున్నానే" అంది. తర్వాత తలుపు వైపు తిరిగి, "రా బిడ్డా" అంది.

తూబా ముసుగుతోనే లోపలికొచ్చింది. సుమిత్ర వెంటనే తలుపు మూసింది. నలభైమంది పిల్లల ముందు తూబా నింపాదిగా తాళ్లు విప్పి ముసుగు తీసేసింది. మచ్చల ముఖం ఎత్తి అందరినీ చూసింది.

"నా బెంచి గది గాదు" అంది, సుమిత్ర చూపిన మూలబెంచీని చూసి. "నాది కిటికీ కాడిది."

అక్కడున్న పిల్ల పక్కకు జరిగింది. అద్దం అవతల ఎండ దంచికొడుతోంది. తూబా దాని పక్కనే కూర్చుని పుస్తకం తెరిచింది.