నలభై దెబ్బల తలుపు

రండమ్మా, రండయ్యా, దగ్గరగా కూర్చోండి! ఓ బట్టతల బాబాయ్, ఆ గుసగుసలాపు. నువ్వు నోరు మూస్తే గానీ నా నోరు తెరుచుకోదు.

ఆ రోజు సినిమా హాల్లో ఆట నడుస్తుండగానే ఆకాశంలోంచి నిప్పులు కురిశాయి. ఏడు రోజులు! సముద్రం గిన్నెలో నీళ్ళలా మరిగి ఇగిరిపోయింది. మాకు మిగిలింది ఆ హాలూ, అందులో దాక్కున్న జనమూ, ఒకే ఒక్క సినిమా. అదీ లోకం నాశనమయ్యే సినిమానే! బయట చూసింది చాలనట్టు ఏడేళ్ళు రోజూ అదే చూశాం. స్పీకర్లు కాలిపోయాయి కాబట్టి మూగబొమ్మే.

మధ్యాహ్నం కాగానే బూడిదగాలి లేచేది. కాకి నాలుగుసార్లు కావుమనేలోపు బొగ్గయిపోయేది. అందుకే ఆ వేళకే ఆట. గేటు మావ అందరినీ కేకేసి లోపలికి తోలి, ఆఖరున తనొచ్చి ఇనప తలుపుకి గడియ పెట్టేవాడు. పై గదిలో ఆపరేటరక్క బొమ్మ ఆడించేది. నిప్పుల రోజున తప్పిపోయిన తమ్ముడి కోసం ఆవిడ తవ్వని బూడిద దిబ్బ లేదు.

ఒకనాడు మావ మెట్లు ఊడుస్తూ గొప్పలకు పోయాడు.

“నిప్పులు పడ్డ రోజు ఎర్ర చొక్కావాడొకడు తలుపు బాదాడ్రా. నలభై సార్లు! హౌస్‌ఫుల్, పొమ్మన్నా. లోపల యాభై సీట్లు ఖాళీ!” అని పడీ పడీ నవ్వాడు.

అక్కడే ఉన్న అక్క చేతిలోంచి రీలు జారిపోయింది. ఆ చొక్కా కుట్టింది తనే. ఆ దెబ్బలు తనూ విన్నది. అప్పటికింకా స్పీకర్లు కాలలేదు, తెరమీద తలుపు బాదే సీను. చప్పుడు సినిమాలోదే అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆటకి జనమంతా లోపలికొచ్చారు. మావ ఇంకా మెట్లమీదే ఉన్నాడు. అక్క బొమ్మ వేసేసి, దిగొచ్చి గడియ పెట్టేసింది.

“ఒసేయ్, నేనింకా బయటే ఉన్నానే!”

“హౌస్‌ఫుల్, మావా.”

“వేళాకోళమా? గాలి లేస్తోంది, తియ్యవే తల్లీ!”

“నలభై కొట్టు. మా తమ్ముడు కొట్టాడుగా. అప్పుడు తీస్తా.”

ధన్. ధన్. గాలి హోరులో కేకలు కలిసిపోయాయి, దెబ్బలు మాత్రం వినబడ్డాయి. అక్క గడియమీద చెయ్యేసి లెక్కపెట్టింది. ఇరవై దాటాక నెమ్మదించాయి. ముప్పై. ముప్పై ఒకటి.

ముప్పై రెండోది రాలేదు. అక్క గడియమీంచి చెయ్యి తీసేసి మెట్లెక్కింది.

తెరమీద తలుపు బాదుతూనే ఉన్నారు. ముందు వరసలోంచి బోసినోటి తాత వెనక్కి తిరిగి అరిచాడు:

“అమ్మాయ్! ఏడేళ్ళకి స్పీకరు బాగుచేశావనుకున్నా, అప్పుడే మళ్ళీ పాడయిందేంటే?”