మహాదేవి వదిన సీడీ

ఉద్యోగం వచ్చిందన్న మెసేజ్ చూసేసరికి నా చేతుల నిండా జొన్నపిండి. ఆ చేతులతోనే ఫోన్ పట్టుకుని పరుగున వెళ్లి మా ఆయనకు చూపించాను.

"ఏంది, ఫోన్‌కు రొట్టె చేసినావా?" అని నవ్వాడు ఉమామహేశ్.

మా పెళ్లయి ఇరవయ్యారు రోజులు. నవ్వితే ఆయన ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందన్న సంగతి నాకింకా కొత్త. దానికోసమే రోజుకు పదిసార్లు నవ్విస్తుంటాను.

కర్నూలులో ఒక పుస్తకాల సంస్థకు ఇంటి నుంచే తెలుగు టైపు చేసే పని అది. వాళ్లు పంపిన టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను సాయంత్రం ఆరులోపు కంప్యూటర్‌లో ఎక్కించి, ఒక పేజీ కొట్టి పంపాలి. లేకపోతే ఆ పని నా తర్వాతి వాళ్లకు పోతుంది. కడపలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివినదాన్ని, ఇదెంత పని అనుకున్నాను.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ మహాదేవి వదినది. ఆమె ఉమామహేశ్‌కు అక్క. ఇక్కడే, కోడుమూరు బస్టాండు దగ్గర చిన్న గదిలో పెళ్లికార్డులు టైపు చేసేది. రెండేళ్ల కిందట డెంగీ జ్వరంతో, ముప్పై ఒకటో ఏట పోయింది. నేను ఆమెను ఫోటోలోనే చూశాను.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు. పాత వెర్షన్ ఉంది, ముందు దాన్ని పూర్తిగా తీసేయమంది. పాతదాన్ని తీసేయబోతే, అందుకు కావలసిన ఫైలు లేదంది. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ 'ఫైలు కనబడలేదు' అని ఒక డబ్బా రావడం నేను ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను.

"దీన్ని ఇట్లా సగంలో చంపి వదిలిన మహానుభావుడెవరండీ?" అన్నాను నవ్వుతూ.

సొట్ట పడలేదు.

"నేనే," అన్నాడు. "పోయినోళ్ల సామాను ఇంట్లో పెట్టుకోకూడదన్యారు. దినాల రోజు అక్క చీరలు, చెప్పులు, దుప్పటి అన్నీ ఇచ్చేసినాం. కంప్యూటర్ ఇయ్యడానికి నాకు మనసు రాలా. దాంట్లో అక్కది ఆ సాఫ్ట్‌వేరే కదా అని, ఆ ఫోల్డర్‌ను చెత్తబుట్టలో ఏసి ఖాళీ చేసినా. అది కూడా ఇచ్చేసినట్లే అనుకున్యా."

నాలుక కరుచుకున్నాను. ఫోల్డర్ పారేస్తే సాఫ్ట్‌వేర్ పోదు. దాన్ని తీసేసే ఫైలు కూడా ఆ ఫోల్డర్‌తోనే పోయింది. పేరూ గుర్తులూ మాత్రం కంప్యూటర్ నిండా మిగిలాయి.

"సరిగ్గా తీసేయాలంటే ముందు ఒకసారి మళ్లీ పూర్తిగా ఎక్కించాలండీ," అన్నాను మెల్లగా. "పాత సీడీ ఏమైనా ఉందా?"

గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తున్న మా అత్త ఈరక్క లేచి లోపలికి వెళ్లింది. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. చున్నీ ముక్కలో చుట్టిన సీడీ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇదేమో చూడు మ్మే. మా మహాదేవి పాప ఎప్పుడూ పక్కనే పెట్టుకునేది. పాటలదనుకొని దాచిపెట్టుకున్యా. వినేదానికి మనకు మిషను యాడుండాది?"

కవరు మీద గుండ్రటి అక్షరాలతో రిజిస్ట్రేషన్ నంబరు, దాని కింద 'ఉమా, దీన్ని గీకితే చంపుతా' అని ఉంది.

సీడీ తిరిగింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. సరిచూద్దామని 'శు' కొట్టి స్పేస్ నొక్కాను. 'శుభముహూర్తమున' అని పడింది. 'ఆ' కొడితే 'ఆహ్వానించువారు'. వదిన తన పనికోసం పెట్టుకున్న పొట్టి గుర్తులు వేరే చోట దాగి ఉండి, ఇప్పుడు మేలుకున్నాయి. బొమ్మ దొరికిన పిల్లలా గంతేశాను. చూద్దామని 'ఉమ' కొట్టాను.

ఒక కార్డు మొత్తం పరుచుకుంది.

'మా తమ్ముడు చి. ఉమామహేశ్‌కు, చి.ల.సౌ. ...........కు వివాహము జరుపుటకు పెద్దలు నిశ్చయించినారు. మీరు రాకపోతే పెండ్లికొడుకు అలుగును. అలిగితే అన్నం తినడు, మాకు కష్టం. కావున తప్పక రావలెను. ఆహ్వానించువారు: అక్క మహాదేవి.'

"ఏముండాది రా దాంట్లో?" అంది అత్త. ఆమెకు చదువు రాదు.

ఆయన చదివాడు. చివరి రెండు మాటలు రెండుసార్లు చదివాడు. "అప్పటికి సంబంధాలే చూడలేదు మా," అన్నాడు.

మా పెళ్లికార్డు కర్నూలులో వేయించారు. శుభకార్యంలో పోయిన పిల్ల పేరెందుకని పెద్దలు వద్దన్నారట. వదిన పేరు అందులో ఎక్కడా లేదు.

నేను చుక్కల చోట నా పేరు, 'శివకుమారి' అని కొట్టాను. కార్డును పీడీఎఫ్ చేసి ఆయన ఫోన్‌లోకి పంపాను. అందులోనైతే అక్షరాలు చెదరవు. తర్వాత సాఫ్ట్‌వేర్‌ను తీసేశాను. సొంత పదాలను కూడా తీసేయాలా అని అడిగితే, ఎవరికీ చెప్పకుండా వద్దని నొక్కాను.

కొత్తది మళ్లీ ఎక్కనంది. పాతదాని ఆనవాళ్లు ఇంకా ఉన్నాయట.

వెతికితే దాచిన ఫోల్డర్‌లో ఆ పదాల ఫైలు దొరికింది. తెరిచాను. ఫాంటు పోవడంతో అంతా గజిబిజి గీతలు. వదిన మాటలన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ చదవలేం. అయినా తుడిచేయడానికి చెయ్యి రాలేదు. అప్పటికి అయిదుంబావు.

"ఈ పని వద్దులెండి. ఇంకొకటి చూసుకుంటా," అన్నాను. నిజంగానే అన్నాను.

"ఎందుకొద్దు?" అంది అత్త. "అది తీసేస్తే నీ పని అయితాదా?"

"అవుతుందత్తా."

"అట్లయితే తీసెయ్. ఆ పాప ఈ మిషను ముందర కూసుంటే అన్నానికి పిలిచినా లేసేది కాదు. రెండేండ్ల నుంచి దీంట్లో పని చేసేటోళ్లు లేక దుమ్ము పట్టి పడుండాది. నువ్వన్నా కూసో."

పదాల ఫైలును తుడిచే మీట ఆయనే నొక్కాడు. కంప్యూటర్ తన లెక్కలు రాసుకునే రిజిస్ట్రీలో మిగిలిన రెండు గుర్తులను నేను తుడిచి, దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేశాను. డబ్బాను మూయడానికి అలవాటుగా ఆయన మౌస్‌ను తెర మధ్యకు తెచ్చి పట్టుకున్నాడు. డబ్బా రాలేదు. చాలాసేపు చెయ్యి తీయలేదు.

కొత్తది ఎక్కింది. పేజీ పంపిన పది నిమిషాలకు 'స్వాగతం' అని జవాబు వచ్చింది. పొద్దున ఎగిరినట్లు ఎగరలేకపోయాను. ఊరికే 'శు' కొట్టి స్పేస్ నొక్కాను. 'శు' ఒక్కటే మిగిలింది.

అత్త కొంగుతో కంప్యూటర్ మీది దుమ్ము తుడిచింది.

"రేపు పొద్దున ఫస్టు బస్సుకు కర్నూలు పోదాం. పాప రాసిన కార్డు అచ్చేపిచ్చుకొద్దాం."

"ఒక్క కార్డు ఎవరేస్తారు మా? వంద ఏపిచ్చుకోవాల."

"అయితే వంద ఏపిచ్చు. పెండ్లికి వచ్చినోళ్లందరికీ పంచుదాం. నలుగురూ పాప పేరు చదవనీ."

"నవ్వుతారేమో మా, పెండ్లయినాక కార్డేందని."

"నవ్వనీ. అన్నం తినడు అని రాసిందే నవ్వేదానికి." నా వైపు తిరిగింది. "రొంత పసుపు తడిపి పెట్టు మ్మే, కార్డుల మూలలకు పూసేదానికి. మొదటి కార్డు దేవుని కాడ కాదు. పాప ఫోటో కాడ పెడదాం రేపు."