ఎడమకంటి పావుగంట

కాలవగట్టు కాపలా మనిషిని అందరూ గట్టాయన అనేవాళ్ళు. పొద్దున్నే లేచి మూడు మైళ్ళ గట్టు నడవడం, దారిలో ఉన్న పన్నెండు కొలతరాళ్ళ దగ్గర ఆగడం, నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో పుస్తకంలో రాయడం, ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఇదే. ఒక్కో రాయి దగ్గర పావుగంట ఆగేవాడు. "రెండు రాళ్ళు నిలబడ్డాయిరా అక్కడ, ఒకదానికి టోపీ ఉంది" అని చేపలు పట్టేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆగడానికి కారణం ఉంది. ఆయన ఎడమకన్ను పావుగంట ఆలస్యం.

పుట్టుకతోనే అంతే. కుడికన్ను ఇప్పుడున్నది చూస్తుంటే, ఎడమకన్ను పావుగంట కిందట తన ముందున్నది చూసేది. కళ్ళ డాక్టరు చీటీలో రెండు కళ్ళ పవరూ రాసి, ఎడమకంటి పక్కన "ఆలస్యం: పావుగంట" అని కూడా రాశాడు. కళ్ళజోడుకి ఆ పక్క ఎత్తి దించుకునే తోలుమూత ఒకటి పెట్టించాడు. నడిచేటప్పుడు ఆయన మూత దించేవాడు. దించకపోతే దాటివచ్చిన గుంటే మళ్ళీ మళ్ళీ కాలికింద కనబడేది. రాయి దగ్గర మూత ఎత్తి, పావుగంట కదలకుండా నిలబడితే, పాత నీటిగీత మీద కొత్త నీటిగీత వచ్చి కూర్చునేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా దొరికిపోయేది. తేడా ఉందంటే ఎక్కడో గట్టు కారుతున్నట్టే. ఆయన చేతికి వచ్చాక ఆ మూడు మైళ్ళలో గట్టు ఒక్కసారి కూడా తెగలేదు.

ఇంట్లో మాత్రం ఆ కన్నుతో చిక్కులే. చెయ్యి కడుక్కుని లేచాక ఎడమకంటికి నిండు కంచం కనబడేది. పెళ్ళాంతో పోట్లాట ముగిసి ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చున్నాక కూడా, ఆ కంటిలో ఆవిడ చెయ్యి ఊపుతూ తిడుతూనే ఉండేది, చప్పుడు లేకుండా.

"నేను ఎప్పుడో ఊరుకున్నాను. మీరే ఇంకా మొహం మాడ్చుకుని కూర్చున్నారు" అనేది ఆవిడ.

"నువ్వు ఊరుకున్న సంగతి నాకు ఇంకా అందలేదే" అనేవాడు.

ఇలా సాగుతుండగా మోకాళ్ళు మొరాయించాయి. మూడు మైళ్ళు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. కొత్తగా వచ్చిన ఇంజినీరు మంచివాడే గాని కాగితం మనిషి. ఒకరోజు అట్టపెట్టె ఒకటి తెచ్చి గడపలో పెట్టాడు. లోపల తేలికపాటి తెల్లటి అట్టతో చేసిన చిన్న విమానం, రెక్కలు చాచితే నాలుగడుగులు, ముక్కు దగ్గర కెమెరా. పక్కనే రిమోట్, దానికి తగిలించుకునే అరచేతి తెర.

"నెలరోజులు నేర్చుకోండి గట్టాయనా. ఆ తరవాత నా ముందు ఎగరేసి చూపించండి. గట్టు చూడగలిగితే ఉద్యోగం మీదే. లేకపోతే రాళ్ళకి మిషన్లు బిగిస్తాం. అప్పుడు క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది" అన్నాడు.

క్వార్టరంటే పన్నెండో రాయి దగ్గర, గట్టుకి వీపు ఆనించినట్టుండే రెండుగదుల ఇల్లు. ఇంజినీరు వెళ్ళాక గట్టావిడ విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ ఇంట్లో నేను వేసిన మేకులే నలభై ఉన్నాయి. ఏ మేకుకి ఏం తగిలించానో చీకట్లో చెబుతాను. మీరు ఇది ఎగరేస్తారో, దీన్ని మింగుతారో నాకు తెలీదు, నేను మాత్రం కదలను" అంది.

పది రోజుల్లో ఎగరెయ్యడం వచ్చింది. రెండు చెట్లూ, సొంత ఇంటి కప్పూ, ఒకసారి ఇంజినీరు మోటారుసైకిలూ తగిలాక వచ్చింది. ఇబ్బంది అది కాదు. అరచేతి తెర ఎండలో తెల్లబోయేది. పైగా తెర చుట్టూ ఉన్న చేతులూ, గడ్డీ, ఆకాశం అన్నీ పావుగంట ఆలస్యంగా ఎడమకంట్లోకి జొరబడి కలగాపులగం చేసేవి. మూత దించితే విమానం బాగానే నడిచేది. కానీ ఒంటికంటితో చూస్తే నీళ్ళు ఉత్త నీళ్ళలాగే ఉన్నాయి. అలా చూసేదానికి గట్టాయనే ఎందుకు, ఎవరైనా చూస్తారు.

"గాగుల్స్ కావాలి సార్. చుట్టూ చీకటి చేసి, విమానం చూసేది ఒక్కటే కంటికి చూపించేవి" అన్నాడు ఇంజినీరుతో.

ఇంజినీరు తల గోక్కున్నాడు. "గాగుల్స్ పెట్టుకున్నవాడికి పక్కన పాము వచ్చినా తెలీదు. అందుకని నిబంధన ఉంది. ఇంకొక మనిషి పక్కనే నిలబడి, ఉత్తకళ్ళతో విమానాన్ని కనిపెట్టుకుని ఉండాలి. తెర అయితే ఆ అవసరం లేదు. ఇంకో మనిషిని నేనెక్కణ్ణించి తేను?"

"ఇంట్లో ఉంది."

"జీతం రాదు మరి."

"ఇన్నాళ్ళూ వచ్చిందా ఏమిటి?" అంది లోపలినించి గట్టావిడ.

బొమ్మ విమానాల కొట్టు నడిపే ఆవిడ మూడు రకాల గాగుల్స్ బల్లమీద పెట్టింది. గట్టాయన మొదటిది తగిలించుకుని అలాగే కూర్చున్నాడు. అయిదు నిమిషాలు చూసి ఆవిడ అడిగింది.

"ఎలా ఉంది బాబాయ్‌గారూ?"

"కుడికంటికి బాగుంది. ఎడమకంటికి ఇంకా నేను బస్సులోనే ఉన్నాను."

"లేటు కన్నని ముందే చెప్పొద్దూ? మంచి కుర్చీ వేసేదాన్ని" అని కుర్చీ మార్చింది.

ఒక్కోదానికి పావుగంట కూర్చోవాలి గనక బేరం మధ్యాహ్నం దాకా సాగింది. మొదటిది డబ్బాలా ఉంది. లోపల ఒకటే పెద్ద తెర, కళ్ళజోడు మీదే తగిలించుకోవచ్చు. కానీ ముక్కు పక్క సందులోంచి వెలుతురు కారింది. "గట్టు కారినా ఒకటే, ఇది కారినా ఒకటే" అని తీసేశాడు. రెండోది పాతపద్ధతి అనలాగ్. విమానం దూరం పోయేకొద్దీ బొమ్మమీద చుక్కలూ గీతలూ పడతాయి, అయినా ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుంది. మూడోది డిజిటల్. గడ్డిపోచ కూడా విడిగా కనబడింది.

"ఇది మేలురకం. కానీ ఒక్క మాట చెప్పి అమ్ముతాను. సిగ్నల్ తప్పితే దీంట్లో బొమ్మ ఉన్నపళంగా ఆగిపోతుంది. బొమ్మ ఆగిందని విమానం ఆగదు. అప్పుడు పక్కనున్న మనిషి మాట వినాలి" అంది కొట్టావిడ.

"వినడం ఈయనకి అలవాటు లేదమ్మా, రెండోదే ఇవ్వు" అంది గట్టావిడ.

గట్టాయన పట్టు వదల్లేదు. మూడోదాంట్లో ఒక్కో కంటికి ఒక్కో చిన్న తెర, దేనికది పక్కకి జరుపుకునే మీట. రెండు కళ్ళ బొమ్మలూ ఒకదానిమీద ఒకటి అతికినట్టు కూర్చునేదాకా జరుపుకోవచ్చు. చుక్కలూ గీతలూ పడే బొమ్మలో నీటిగీత ఎక్కడ వెతుకుతాడు? కొట్టావిడ ఆయన కళ్ళమధ్య దూరం స్కేలుతో కొలిచి, ఆయన పవరు అద్దాలు లోపలే బిగించి ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు తేలింది. ఎడమకంటికి కనబడేది విమానం పావుగంట కిందట చూసిన చోటు. ఇప్పుడు ఏడో రాయి మీద ఉంటే, ఆ కంట్లో రెండో రాయి. రెండూ కలిస్తే గదా తేడా తెలిసేది.

రెండురోజులు బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే గట్టావిడ విసిగిపోయింది. "ఆ విమానాన్ని గానుగెద్దులా ఒకేచోట తిప్పుతూ కూర్చోండి, తిరిగిందగ్గరికే మళ్ళీ వస్తుంది" అంది.

వెటకారంగానే అంది. ఆయన మాత్రం కాగితం తీశాడు. కాలవమీద పోయి, చేలమీద తిరిగి, మొదలుపెట్టిన చోటికి రావాలి. చుట్టు మొత్తం సరిగ్గా పావుగంట పట్టాలి. అప్పుడు రెండో చుట్టులో ఎక్కడ చూసినా, ఎడమకంట్లో మొదటి చుట్టు అదే చోటు చూపిస్తుంది. గాలి వాలుని బట్టి నిమిషం అటూఇటూ అయ్యేది. గట్టావిడ చేతిగడియారం చూస్తూ, "తొందరపడండి... ఇప్పుడు నెమ్మది... కుడిపక్క గద్ద, కిందికి దించండి... ఆ గద్దకి మీకంటే బుద్ధి ఉంది, పక్కకి పోయింది" అంటూ నడిపించేది. రోజూ పదింటినించి పదకొండు దాకా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చొక్కా కాలర్లు కుట్టే వేళ అది. ఇప్పుడు మెడ పైకెత్తి బయట నిలబడాల్సి వచ్చింది. "కాలర్లు కుట్టే మెడ ఇది, ఆకాశం చూసే మెడ కాదు" అని రోజూ ఒకసారి అనేది.

పరీక్షరోజు రానే వచ్చింది. ఇంటి ముందు గడ్డిలో ఇంజినీరు అరచేతి తెర పట్టుకుని పక్కన నిలబడ్డాడు. సరిగ్గా పదింటికి విమానం లేచింది.

మొదటి చుట్టు మామూలుగా పోయింది. రెండో చుట్టులో ఒకటో రాయి దగ్గర రెండు గీతలూ అతికాయి. రెండు, మూడు, ఆరు, తొమ్మిది, అన్నిటి దగ్గరా నీళ్ళు ఎక్కడివక్కడే.  పదకొండు కూడా దాటింది.

పన్నెండో రాయి దగ్గర గీత చీలింది. కొత్త గీత పాతదానికంటే అరవేలు మందం కిందికి ఉంది. మొదటి చుట్టులో వంచినట్టే విమానాన్ని కాస్త పక్కకి వంచాడు. గట్టుకిందికి తన ఇల్లు, వంటింటి వెనక గోడ. కుడికంటికి ఆ గోడవార నేల నల్లగా తడిసి ఉంది. ఎడమకంటికి పొడిగా ఉంది.

ఇంజినీరు కూడా తెరలో తడి చూశాడు. చూడకుండా ఉండే మనిషి కాదు.

"అదేమిటి గట్టాయనా, మీ ఇంటి వెనక తడి?" అని, ఆయన జవాబు చెప్పకముందే తనే అన్నాడు, "బట్టలుతికిన నీళ్ళు పారబోసినట్టున్నారు."

అక్కడ ఔనంటే సరిపోయేది. పరీక్ష అయిపోయేది. ఇంజినీరు సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోయేవాడు. గాగుల్స్ లోపల గట్టాయన మొహం ఎవరికీ కనబడదు.  విమానం ఇంటిమీద ఒక చిన్న చుట్టు ఎక్కువ తిరిగింది.

"ఏమండీ, దారి తప్పారు" అంది గట్టావిడ.

"తప్పలేదే" అన్నాడు. తరవాత ఇంజినీరుతో అన్నాడు. "పారబోసిన నీళ్ళు కావు సార్. పావుగంట కిందట అక్కడ పొడిగా ఉంది. ఇంట్లో ఉండేది మేమిద్దరం, ఇద్దరం ఇక్కడే ఉన్నాం. గీత కూడా అరవేలు దిగింది. గట్టు కారుతోంది."

"ఎక్కడ?"

"మా వంటింటికింద."

గట్టావిడ విమానంమీదినించి చూపు తిప్పలేదు. తిప్పకూడదు, నిబంధన. "అంటే ఇల్లు తవ్వుతారా?" అని అడిగింది.

"తవ్వాలి" అన్నాడు గట్టాయన.

"సరే, ముందు దాన్ని దించండి. బ్యాటరీ అయిపోవస్తోంది."

ఇంజినీరు ఫోను చేసి పైతూము మూయించాడు. ఎవరినీ ఇంట్లోకి పోవద్దన్నాడు. విమానం గడ్డిమీద దిగి, గట్టాయన గాగుల్స్ తీసి తుడుస్తుండగా, ఇంటి లోపల సంచి జారినట్టు చిన్న చప్పుడయింది. పదకొండుకి పావుతక్కువ. వంటింటి నేల మధ్యకి విరిగి, కిటికీ దగ్గరి కుట్టుమిషనూ, దాని ముందున్న ముక్కాలిపీటా, సగం కుట్టిన కాలర్లూ ఎవరూ లేకుండానే కిందికి పోయాయి. తరవాత తాడు వేసి కొలిస్తే నీళ్ళు తొలిచిన గొయ్యి రెండు నిలువుల లోతుంది.

గట్టావిడకి అది రోజూ కాలర్లు కుట్టే వేళ. చేతిగడియారం ఒకసారి చూసుకుంది. తరవాత మెడ రుద్దుకుంది.

తూము మూసినా గట్టు నిలబడాలంటే ఇల్లు ఆ పూటే తియ్యాలన్నారు. ముందుగది నేల గట్టిగానే ఉందని చూసుకుని, అక్కడి సామాను నలుగురు కలిసి బయటికి చేరేశారు. ఇంజినీరు పరీక్ష కాగితం మోకాలిమీద పెట్టుకుని నింపాడు. ఉద్యోగం కొనసాగించవలెను అని రాశాడు. ఉండడానికి తూము దగ్గర ఒక గది ఉందనీ, కిటికీ లేదనీ, పెట్టిస్తాననీ చెప్పాడు. కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక, గట్టాయన కళ్ళజోడు చీటీ అడిగి చూసి, "ఎడమకన్ను, పావుగంట" అని రాసి సంతకం పెట్టాడు.

మట్టి తవ్వే బండి వచ్చేసరికి నాలుగయింది. గట్టాయన చాలాసేపటినించి ఇంటికి ఎదురుగా, కొలతరాయి దగ్గర నిలబడ్డట్టు, మూత ఎత్తి కదలకుండా నిలబడి ఉన్నాడు. గట్టావిడ ట్రంకుపెట్టె మీద కూర్చుంది. బండి చెయ్యి రెండుసార్లు ఊగింది. మేకులతో సహా గోడలు పడిపోయాయి. దుమ్ము లేచి అణిగింది.

"మీకు ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"తలుపు?"

"మూసే ఉంది. నువ్వు గొళ్ళెం పెట్టావు."

"గుమ్మం పైన గోడకి అద్దం మేకు ఉండాలి."

"ఉంది. దానికి చేతిసంచి తగిలించావు."

"అది తెచ్చుకోవడం మరిచిపోయాం" అంది. తరవాత ఒక్కొక్కటే అడిగింది. అరుగు, చూరు, పగిలిన పెంకు, గోడమీద తను సున్నంతో తన పొడుగు గీసుకున్న చోటు. ఆయన ఒక్కొక్కటే చూసి చెప్పాడు. బండి మట్టి ఎత్తి పోస్తోంది.

కాసేపటికి ఆయన మాట ఆగింది. మెడ కొంచెం వంగింది.

"ఇంకా ఉందా?" అంది గట్టావిడ.

"ఉంది" అన్నాడు గట్టాయన.

ఆవిడ చేతిగడియారం చూసింది. గోడలు పడి ఇరవై నిమిషాలయింది. గడియారాన్ని కొంగుకింద దాచి, ట్రంకుపెట్టె మీద కాస్త పక్కకి జరిగింది.

"అయితే కూర్చుని చూడండి. తొందరేం లేదు" అంది.