కిలిఫి ప్రెసిడెంటయిన ఏడాది

నుకుఫెటావు దీవిలో కిలిఫిని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. చర్చికి వెళ్లినా, చేపల పడవ దగ్గర నిలబడినా, బడిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నా అందరికీ అతను ప్రెసిడెంటే. కుర్రతనంలో చదువుకోడానికి సముద్రం దాటి సువా నగరానికి వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా గెలిచాడు. అన్ని దేశాల పిల్లలు చదివే చోట, మ్యాపులో చుక్కకు కూడా నోచుకోని దీవి నుంచి వెళ్లినవాడు గెలవడమంటే మాటలా?

ఆ కథ దీవిలో అందరికీ కంఠతా వచ్చు. భోజనశాలలో బల్ల మీద నిలబడి ఉపన్యాసమిస్తుంటే హాలు హాలంతా మాటిమాటికీ లేచి నిలబడిందట. పురుగుల అన్నం పెడుతున్నారని ఊరేగింపు తీస్తే నెల తిరక్కుండా పళ్లాల్లోకి చేపలు వచ్చాయట. ఏడాది చివర డాన్సు రోజున సమోవా అమ్మాయి లోసా, వాళ్లందరిలోకీ అందగత్తె, తనే వచ్చి అతని చెయ్యి పట్టుకుందట. ఈ మాట వచ్చినప్పుడల్లా భార్య తీలియా కొబ్బరి తురుముతూ, "ఆ మహాతల్లి అక్కడే ఉంచేసుకుంటే నాకీ బాధ తప్పేది" అనేది. కిలిఫి మురిసిపోయేవాడు.

ఆ తర్వాత అతని జీవితంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. రాజధానిలో ఉద్యోగానికి ప్రయత్నించాడు, రాలేదు. చర్చి సంఘానికి పెద్దగా నిలబడ్డాడు, ఓడిపోయాడు. అయినా అతనికి కొరత అనిపించలేదు. ఆ ఒక్క ఏడాదిని నంజుకుంటూ మిగతా ఏళ్లన్నీ తినేశాడు.

కూతురు అలియేతకు అదే విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినప్పుడు తనే దిగబెడతానని బయల్దేరాడు. దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు, ఎక్కడ బల్ల, ఎక్కడ ఊరేగింపు అని. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. అయినా తండ్రి మొహం చూస్తూ మళ్లీ కొత్తగా విన్నది.

సువాలో పాత స్నేహితుడు ఎమోరి ఇప్పుడు పేరున్న లాయరు. కిలిఫి వచ్చాడని తెలియగానే శనివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాడు. "మన గ్యాంగంతా వస్తుందిరా, నీ కోసమే" అన్నాడు ఫోనులో. ఆ మాటకి కిలిఫి కళ్లు చెమర్చాయి. పొద్దున్నే లేచి పువ్వుల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

ఎమోరి ఇల్లు కొండ మీద. పెరట్లో గొయ్యి తవ్వి కాల్చిన పందిమాంసం, దుంపలు ఆకుల్లో పొగలు కక్కుతున్నాయి. చాప మీద కావా గిన్నె, వేళ్లు దంచి నీళ్లలో కలిపే మత్తుపానీయంతో నిండుగా. భోజనాల కాంట్రాక్టులతో బాగా సంపాదించిన రజ్నీల్, జుట్టు నెరిసినా ఇంకా నిటారుగా కూర్చునే లోసా, ఇంకో నలుగురైదుగురు. కిలిఫిని చూడగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అలియేత సంతోషంతో తండ్రి చెయ్యి నొక్కింది.

తిన్నాక ఎమోరి కొబ్బరిచిప్పలో కావా అందిస్తూ అడిగాడు. "అమ్మాయీ, మీ నాన్న ఎలా గెలిచాడో చెప్పాడా నీకు?"

"వందసార్లు చెప్పాడంకుల్."

"మరి పందెం సంగతి?"

"ఏ పందెం?"

ఎమోరి రజ్నీల్ వైపు చూసి కన్నుగీటాడు. "వీడున్నాడే, నాతో అన్నాడు. నువ్వు గాడిదని నిలబెట్టినా గెలిపిస్తావట్రా అని. గాడిద ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది గానీ, లిఫ్టు చూసి ప్రార్థన చేసినవాడు ఒకడున్నాడు, వాణ్ణి గెలిపిస్తానన్నాను. ఓడినవాడు ఏడాదంతా గెలిచినవాడి బట్టలుతకాలి. నా లోదుస్తులు కూడా వీడే ఉతికాడమ్మా!"

అందరూ గొల్లుమన్నారు. కిలిఫి కూడా నవ్వాడు, ఇంకా ఏదో ఉంది, చివరికి ఇది తన మంచికే తిరుగుతుంది అన్నట్టుగా.

"ఉపన్యాసం సంగతి చెప్పు" అని రజ్నీల్ అందుకున్నాడు. "వాడు 'నా సోదరులారా' అన్నప్పుడల్లా లేవాలని ముందే అనుకున్నాం. ఏ బల్ల వాళ్లు ఆలస్యంగా లేస్తే వాళ్లు అందరికీ కావా కలపాలి. వీడేమో మాటకోసారి సోదరులారా! నా మోకాళ్లు వాచిపోయాయి."

"కానీ చేపలు..." అన్నాడు కిలిఫి.

"ఏ చేపలు?" అన్నాడు రజ్నీల్.

"ఊరేగింపు తర్వాత. అన్నంలోకి చేపలు పెట్టారు కదా."

"ఓ, అదా! ఆ టెర్ములో మా మేనమామకి భోజనాల కాంట్రాక్టు వచ్చిందిరా. ఊరేగింపు తీసినట్టు ఆయనకి తెలియనే తెలియదు."

కిలిఫి లోసా వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. "ఇక ఆపండర్రా, పాపం" అంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడామె అలియేత వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "నేను మాత్రం ఏం చెయ్యను తల్లీ, పేకాటలో ఓడిపోయాను, మీ నాన్నతో డాన్సు చెయ్యమన్నారు. తలకంత నూనా! ఆ మరక నా తెల్ల గౌను మీద చచ్చినా పోలేదు."

ఇక ఆపుకోలేక ఆమే ముందు నవ్వింది.

"నీకెప్పుడో తెలిసే ఉంటుందిలేరా" అన్నాడు ఎమోరి, కిలిఫి భుజం చరుస్తూ.

"తెలియకపోవడమేంటి? మీకు సరదాగా ఉంది కదాని ఊరుకున్నాను" అన్నాడు కిలిఫి.

"చూశారా! ప్రెసిడెంటు మనందరినీ మించినవాడు! ఏదీ, ఆ ఉపన్యాసం ఒక్కసారి. అమ్మాయి కూడా వింటుంది. లేరా, లే!"

కిలిఫి లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. "నా సోదరులారా" అన్నాడు. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి, కడుపులు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వాళ్లతోపాటు అలియేత కూడా లేచింది. లేచి నవ్వింది.

తిరిగి రావడానికి ఇద్దరూ టాక్సీ ఎక్కారు. వాన అద్దాలను బాదుతోంది. "నీకు నిజంగా తెలుసా నాన్నా?" అని అడిగింది అలియేత.

"తెలుసు."

"మరి అమ్మకి?"

కిలిఫి కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు కూతుర్ని హాస్టల్లో చేర్చాడు. పరుపు మోసి పైకి చేర్చి, బకెట్టు కొనడానికి వెళ్లి వచ్చేసరికి గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అలియేత గొంతు వినిపించింది, కాదు, అలియేత గొంతులో తన గొంతు. "నా సోదరులారా!" అంటోంది, దీవి యాస సాగదీస్తూ. గదిలో ఉండబోయే ఇద్దరమ్మాయిలు పరుపుల మీద పడి నవ్వుతున్నారు. సొలొమన్ దీవుల పిల్ల నెస్టా అంటోంది, "అమ్మో, నువ్వు భలే చెబుతావే! హాస్టల్ తరఫున కమిటీకి ఒకళ్లు కావాలట, నీ పేరే ఇస్తాం."

కిలిఫి లోపలికి వచ్చి బకెట్టు కింద పెట్టాడు. ముగ్గురూ చప్పున సర్దుకున్నారు. అలియేత మొహం తెల్లబోయింది. అతను తమ భాషలో మాట్లాడలేదు, ఆ పిల్లలకూ అర్థమయ్యే ఇంగ్లీషులోనే మాట్లాడాడు.

"ఇవ్వండమ్మా, తప్పకుండా ఇవ్వండి. కానీ అలియేతా, వీళ్లు దేనికి పందెం వేసుకున్నారో ముందు అడుగు."

"నాన్నా..."

"నీది అచ్చం నా మొహమే. ఎక్కడికెళ్లినా చూడగానే కనిపెట్టేస్తారు."

నెస్టా లేచి నిలబడింది. "అంకుల్, ఒట్టు, మేం అలాంటివాళ్లం కాదు."

"మీరు మంచి పిల్లలే. వాళ్లూ మంచివాళ్లే. నిన్న నాకు కడుపునిండా పందిమాంసం పెట్టారు."

మెట్లు దిగుతుంటే వెనకనుంచి అలియేత పిలిచింది. అతను ఆగలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి గుండె మీద కూర్చున్న బరువేదో దిగిపోయినట్టు హాయిగా ఉంది. బస్సుకోసం నిలబడి వేరుశెనక్కాయలు కొనుక్కుని తిన్నాడు. ఆ హాయి విమానం ఎక్కేదాకా ఉంది, ఆ తర్వాత లేదు.

ఆ అమ్మాయిలు నిజంగానే మంచివాళ్లు. అలియేత వాళ్లకి నిజంగానే నచ్చింది. ఆమె పేరు ఇస్తే వెళ్లి కొట్టేయించుకుంది. పుట్టినరోజుకి కేకు తెస్తే, ఎవరు పంపారని అడిగింది. నాట్యబృందంలోకి రమ్మంటే తలనొప్పి అంది. నెస్టా కొన్నాళ్లు బతిమాలింది, ఇంకొన్నాళ్లు కోపగించుకుంది, చివరికి వేరే గదికి మారిపోయింది. అలియేత లైబ్రరీలో గోడవైపు కుర్చీలో కూర్చుని చదువుకుంది. మార్కులు బాగా వచ్చాయి. ఎవరైనా దగ్గరికొచ్చి మంచిగా పలకరిస్తే, ముందు వాళ్ల వెనక ఇంకెవరు నిలబడ్డారా అని చూసేది.

దీవిలో కిలిఫి ఆ కథ చెప్పడం మానేశాడు. కారణమేంటో తీలియాకి అంతుబట్టలేదు. జనం మాత్రం ప్రెసిడెంటనే పిలుస్తున్నారు, అతను పలుకుతున్నాడు.

పట్టాలిచ్చే రోజున అలియేత నల్లగౌను వేసుకుని మెట్ల మీద ఒక్కతే నిలబడి ఉంది. నెస్టా మెడనిండా దండలతో, తన బలగాన్నంతా వదిలి ఆమె దగ్గరికొచ్చింది. తన మెడలోంచి ఒక దండ తీసి పట్టుకుని, "ఇవాళైనా నాతో ఒక్క ఫోటో దిగవే" అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

అలియేత దండ వేయించుకోలేదు. నెస్టా భుజం మీదుగా, అవతల నిలబడిన ఆ జనంలో ఎవరు నవ్వుతున్నారా అని వెతుకుతోంది.