కిందికి దిగిన చార

ఆ గురువారం పొద్దున జెల్ చూడగానే బెర్నడెట్ నీహాస్ ఫోన్ కోసం తడుముకుంది.

సిన్సినాటీ కొండమీది ఆ ప్రయోగశాలలో పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తిన్న కొవ్వు అరగడానికి క్లోమం పేగులోకి వదిలే ఎంజైము ఒకటి కొందరి రక్తంలోకీ చేరుతుంది. పేగులో అది మంచిదే. రక్తంలో మాత్రం కొలెస్ట్రాల్‌ను మోసే రేణువుల మీద పడి, వాటిని కొరికి కొరికి చిన్నవి చేస్తుందా? చిన్నవే ప్రమాదం, రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరిపోతాయి. జెల్ అనే మెత్తటి జిగురు పలకలో పోసి కరెంటు పారిస్తే పెద్దవి పైనే చారకట్టి ఆగుతాయి, చిన్నవి కిందికి దిగుతాయి.

ప్రయోగాలకు కావాల్సిన మామూలు మనుషుల రక్తం కోసం బయటివాళ్లను బతిమాలే అలవాటు అక్కడ లేదు. వంతులవారీగా ఎవరి చేయి వాళ్లే చాపుతారు. ఇచ్చినవాళ్లకు మిగతావాళ్లు మాంసం కూరా చీజూ గుట్టగా పోసిన చిల్లీ స్పగెటీ కొనిపెట్టాలి. ఈసారి వంతు బెర్నడెట్‌ది. తన రక్తంలోని పసుపు ద్రవాన్ని పిపెట్టుతో పీల్చి రెండు గొట్టాల్లో పోసి, ఒకదానికే ఎంజైము కలిపి, రెంటినీ రాత్రంతా వేడినీళ్ల తొట్టిలో ఉంచింది.

ఎంజైము కలిపినదాని చార కిందికి దిగింది. అది దిగాల్సిందే. ఏమీ కలపనిదాని చార కూడా దిగింది.

అంటే ఎవరూ కలపకుండానే ఆ మాయదారిది తన రక్తంలో ఉందన్నమాట! నలభై ఒక్కేళ్లకే, చర్చి పండుగలో బల్లలు మోస్తూ గుండె ఆగి కుప్పకూలిన నాన్న కళ్లముందు మెదిలాడు. వచ్చే నెలకు తనకూ నలభై ఒకటి నిండుతాయి. వెంటనే తమ్ముడు క్లెమ్‌కు ఫోన్ చేసి చెప్పేసింది. ఇంత తెలిసిన మనిషి ఇంకోసారి చూసుకోవద్దా? భయానికి చదువూ సంధ్యా ఉండవు మరి.

ప్రయోగశాల పెద్ద డెల్ఫీన్ టాలివర్ కాఫీ కప్పుతో వచ్చింది.

“ఏంటే, మొహం అట్లా పాలిపోయింది? నిన్నటి చిల్లీ పడలేదా?”

బెర్నడెట్ జెల్ చూపించింది. డెల్ఫీన్ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

“ఏ గొట్టం ముందు నింపావ్?”

“ఎంజైముది.”

“పిపెట్టు మొన మార్చావా?”

బెర్నడెట్ తల దించుకుంది. “పెట్టెలో అయిపోయాయండీ. ఒక్కసారికే కదా అని కడిగి వాడేశాను.”

“ఓసి నీ తెలివి తెల్లారా! ఎంజైము వాడితే అరిగిపోతుందా? ఒక్క చుక్క అంటుకుంటే చాలు, వెచ్చగా పడుకోబెడితే తెల్లారేసరికి మొత్తం కొరికేస్తుంది. ఎంజైము లేనిది ముందు నింపమని కొత్తోళ్ల మీద అరిచేది నువ్వే కదే!”

“అదే అయ్యుంటుందంటారా?”

“అనుకోవడమెందుకు? చేయి ఇటు పెట్టు.”

ఈసారి కొత్త మొన, కొత్త రక్తం. ఒంట్లో అది నిజంగా ఉంటే రేణువులు ఈపాటికే చిన్నవై ఉంటాయి కాబట్టి, వేడినీళ్ల తొట్టి జోలికి పోకుండా నేరుగా జెల్‌కు ఎక్కించారు. సాయంత్రం దాకా బెర్నడెట్‌కు కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని అనిపించింది. కడిగిన సీసాలనే మళ్లీ కడిగింది.

రంగు పట్టాక చార కనబడింది. పైనే ఉంది, చక్కగా, కదలకుండా.

“బతికిపోయాను!” అంటూ స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. పొద్దుటినుంచి గుండెల మీదున్న బండ దిగిపోయింది.

“ఏడువు గానీ జెల్ మీద పడనీకు. మళ్లీ నీ చేయే పొడవాల్సొస్తుంది,” అంది డెల్ఫీన్. అంటూనే రుమాలు అందించింది.

బెర్నడెట్ ముక్కు తుడుచుకుని క్లెమ్‌కు ఫోన్ చేసింది.

“నాకేం లేదురా. అంతా నా చేతి పొరపాటు.”

“నన్ను ఊరడించడానికి చెప్పట్లేదు కదక్కా?”

“నీ మీదొట్టు.”

నాన్న పోయినప్పటినుంచీ వాడు డాక్టరు గడప తొక్కలేదు. చూపించుకోకపోతే రోగమే లేనట్టని వాడి లెక్క.

“అయితే... నాది కూడా చూస్తావా?”

వాడు మనసు మార్చుకునేలోపే బెర్నడెట్ అంది, “పొద్దున్నే రా. ఏమీ తినకుండా రావాలి.”

“వేయించిన గెట్టా మాంసం ఒక్క ముక్క కూడానా?”

“ఒక్క పూట మానేస్తే చావవులేరా!”

అనేశాక నాలుక కరుచుకుంది. అవతల క్లెమ్ పగలబడి నవ్వుతున్నాడు.