నాన్న మోకాలి నొప్పి

డ్రైవరుగారి కుడి మోకాలు మహా గడుసుది. కూతురు ఓడిపోబోతోందని తెలిస్తే చాలు, నొప్పి పుట్టేది. క్యారమ్స్ ఆడుతుంటే మోకాలెందుకు నొప్పెట్టాలని మనం అడగకూడదు. ఎర్రకాయ గుంటలో పడబోతుండగా "అబ్బా, నా మోకాలు!" అనేవాడు, చెయ్యి వణికించేవాడు, కాయ పక్కకి పోయేది. గేటు నుంచి బస్టాపు దాకా పరుగు పందెమైనా అదే వరస. ఎప్పుడు చూసినా గెలుపు కూతురిదే. దాంతో ఆ అమ్మాయి అసలు పేరు అటకెక్కి, ఇంట్లో అందరికీ 'ఛాంపియన్' అయి కూర్చుంది.

ఛాంపియన్‌కి ఇరవయ్యారేళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. మాట కాస్త నెమ్మది, నడక ఇంకాస్త నెమ్మది, కోపం మాత్రం చిటికెలో వచ్చేస్తుంది. హోటల్ లాండ్రీలో తువ్వాళ్లు మడతపెట్టే ఉద్యోగం. అంచుకి అంచు కలవలేదంటే పక్కవాళ్ల మడతలు కూడా విప్పేసి, వాళ్లచేత నాలుగు చీవాట్లు తిని, అయినా మళ్లీ మడతపెట్టిగానీ వదలదు.

ఈమధ్య డాక్టరమ్మ రిపోర్టులు చూసి పెదవి విరిచింది. "బరువు పెరుగుతోందండీ. షుగరు గుమ్మం దాకా వచ్చేసింది. మందుల దాకా పోకూడదంటే ఒళ్లు కదలాలి. ఒకరోజు కదిలి నాలుగు రోజులు పడుకుంటే కుదరదు."

కదిలించడమే గగనమైపోయింది. జిమ్ములో చేర్పిస్తే వారం, డాన్సు క్లాసులో చేర్పిస్తే ఇంకో వారం. తండ్రి పక్కనే ఉండి పోటీ పడేవాడు, ఓడిపోయేవాడు, "శభాష్ ఛాంపియన్!" అని చప్పట్లు కొట్టేవాడు. అమ్మాయి "బోరు" అని ఒక్క మాట అనేసి ఇంటికొచ్చి సోఫాలో చతికిలబడేది. డ్రైవరుగారికి దిగులు పట్టుకుంది. పైకి ఎన్ని జోకులేసినా, రాత్రిళ్లు మళ్లీ ఆ రిపోర్టులే తీసి చూసుకునేవాడు.

చివరికి లాండ్రీ వెనక వీధిలో ఒక హాలు దొరికింది. ఒకప్పుడు గోడౌను. ఇప్పుడు గోడవారగా చుట్టిపెట్టిన చాపలు, ఛాతీ ఎత్తులో కట్టిన నెట్టు, ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడి కోచ్ పిల్ల, దర్జీ బట్టలు కుట్టినట్టు, ఆటని మనిషి కొలతకి కత్తిరించేది. బంతి వేగానికి బెదిరేవాళ్లకి బంతి బదులు బెలూను, చూపు ఆననివాళ్లకి లోపల గలగలలాడే గింజలు వేసిన బెలూను, నిలబడలేనివాళ్లకి కుర్చీ. ఆట మాత్రం అచ్చంగా వాలీబాలే.

మొదటిరోజు డ్రైవరుగారు మూతి ముడిచాడు. "కుర్చీలో కూర్చుని చేసే కసరత్తేమిటమ్మా? ఆ లెక్కన జీవితమంతా బస్సు నడిపిన నేను ఈపాటికి వస్తాదునయ్యుండాలి."

"ఒకసారి కూర్చుని ఆడి చూడండి అంకుల్," అని నవ్వేసింది కోచ్.

ఛాంపియన్‌కి ఆట నచ్చింది. చెమట పట్టేలా ఎగిరింది. హమ్మయ్య అనుకునేలోపే, రెండో వారం తండ్రితో జోడీ పడిన రోజున ఆ పాడు మాట మళ్లీ వచ్చింది. "బోరు."

కోచ్ ఆయన్ని పక్కకి పిలిచింది. "అంకుల్, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. మిగతావాళ్లతో ఓడిపోతే ఇంకో ఆట కావాలంటోంది. మీతో గెలిస్తే బోరంటోంది. మీరు నిజంగా ఆడట్లేదు కదూ?"

"ఎలా ఆడతానమ్మా? నా చేతుల్లో ఓడిపోతే దాని మొహం నేను చూడగలనా? అసలే అంతంతమాత్రం. ఓడిందంటే రేపట్నుంచి ఇటు కాలు పెట్టదు. అప్పుడు ఆ షుగరేదో వచ్చి కూర్చుంటే?"

"ఒక్కసారి ఆడండి. ఆ తరవాత నన్ను తిట్టండి."

తిట్టడానికి అనుమతి దొరికింది కాబట్టి ఒప్పుకున్నాడు. నెట్టుకి అవతల నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి బెలూను గట్టిగా కొట్టాడు. అది ఛాంపియన్ తల మీదుగా పోయి వెనక పడింది. ఆమె బెలూన్ని చూసింది, తండ్రిని చూసింది, కళ్లద్దాలు సరిచేసుకుంది. తరవాతి బెలూను ఆయన ముక్కుకి తగిలింది.

ఇక చూడాలి! అటు పరుగు, ఇటు పరుగు, కేకలు, హాలంతా గోల. ఇద్దరూ సమానంగా వచ్చారు. ఇంకొక్క పాయింటుంది. ఛాంపియన్ నెట్టు పక్కన మెల్లిగా తోసిన బెలూను కోసం డ్రైవరుగారు ఒక్క దూకు దూకాడు. మోకాలు కలుక్కుమంది.

"అబ్బా, నా మోకాలు!"

బెలూను నేల మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు మొదలెట్టారు. ఛాంపియన్ మాత్రం ఎర్రబడిన మొహంతో వచ్చి, ఆ బెలూన్ని కాలితో తొక్కి ఢామ్మనిపించింది.

"మళ్లీనా! మళ్లీ మోకాలేనా నాన్నా!"

డ్రైవరుగారు ఇన్నేళ్లూ తన నాటకం తనొక్కడికే తెలుసనుకున్నాడు పాపం.

"ఈసారి నిజమేనమ్మా," అన్నాడు నేల మీద కూలబడి. ఆమె నమ్మలేదు. వంగి ప్యాంటు పైకి లాగి చూసింది. మోకాలు అప్పటికే వాచింది. వేలితో నొక్కింది. ఆయన కెవ్వుమన్నాడు.

"నిజమే," అని ఒప్పుకుంది. "మరి అంతకుముందువి?"

"అబద్ధాలే. నీకెప్పుడు తెలిసింది?"

"స్కూలుకి వెళ్లేటప్పుడే."

"మరి చెప్పలేదేం తల్లీ?"

"నువ్వు సంతోషంగా ఉన్నావుగా." తువ్వాలు అంచులు కలిపేటప్పుడు చూసినట్టు ఆయన మొహంలోకి చూసింది. "నేను నిజంగా ఎప్పుడైనా గెలిచానా నాన్నా?"

ఆయన వెతికాడు. క్యారమ్స్‌లో, పరుగు పందేల్లో, ఎవరు ముందు పాలు తాగుతారో అన్న పందేల్లో కూడా వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. కళ్లనీళ్లు తిరిగాయి. ముద్దు చేస్తున్నాననుకున్నాడుగానీ, పిల్లకి దక్కాల్సిన గెలుపులన్నీ తనే కాజేశాడన్నమాట. సిగ్గేసింది, మోకాలికంటే గుండె ఎక్కువ నొప్పెట్టింది.

"తెలీదమ్మా," అన్నాడు.

ఛాంపియన్ ముక్కు ఎగబీల్చి కోచ్ వైపు తిరిగింది. "రెండు కుర్చీలు కావాలి. ఇదీ లెక్కలోకి రాదు. దెబ్బ తగిలింది కదా."

కోచ్ మోకాలికి ఐసు కట్టి, ఆ కాలిని ఇంకో కుర్చీ మీద చాపించి, కదపొద్దని గట్టిగా చెప్పింది. నెట్టు ఇంకా కిందికి దించింది. కుర్చీలోంచి లేస్తే పాయింటు పోయినట్టే. తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చున్నారు.

వస్తాదు గురించి డ్రైవరుగారు అన్న మాట ఆయనకే తగిలింది. నడుము తిప్పి, చేతులు చాపి, ఊపిరి ఎగబోసుకుంటూ ఆడాడు. మళ్లీ ఒక్క పాయింటు దగ్గరికొచ్చింది. బెలూను ఆయన ముందుకి తాపీగా దిగుతోంది. చెయ్యి దానంతటదే ఆగింది, పాత అలవాటు. గొంతులో 'అబ్బా' తయారుగా ఉంది. నెట్టు మీదుగా రెండు కళ్లు ఆయన్నే కాపలా కాస్తున్నాయి.

ఆయన 'అబ్బా' మింగేసి కొట్టాడు.

బెలూను ఆమె వేళ్లకి అందకుండా నేలకి తగిలింది. ఛాంపియన్ ఓడిపోయింది. బావురుమంది. అలాంటి ఇలాంటి ఏడుపు కాదు, హాలు రేకులు అదిరాయి. డ్రైవరుగారు కోచ్‌ని తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో ఏడుపు సగంలో ఆగింది.

"ఇంకో ఆట," అంది చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటూ.

ఆ రోజుకి మోకాలు ఒప్పుకోలేదు. ఇంటికెళ్లేటప్పుడు ఆటో దాకా తండ్రి చెయ్యి ఆమె భుజం మీదే ఉంది. గుమ్మంలో అడుగుపెట్టగానే, కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లికి వినబడేలా అరిచింది. "అమ్మా! నాన్న నన్ను ఓడించాడు! నిజంగా ఓడించాడు!"

"ఏమండీ, సిగ్గులేదూ పిల్లని ఓడించడానికి?" అందావిడ. తీరా చూస్తే పిల్ల మొహం వెలిగిపోతోంది, మొగుడు కుంటుకుంటూ నవ్వుతున్నాడు. ఈ ఇంట్లో వీళ్లిద్దరూ తనకి ఎప్పటికీ అర్థం కారనుకుంటూ మళ్లీ మిషను తొక్కడం మొదలెట్టింది.

మర్నాడు ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పది పిలుపులు పిలిస్తేగానీ మంచం దిగని ఛాంపియన్, తండ్రి దుప్పటి లాగేసి నిలబడింది. వరండాలో రెండు కుర్చీల మధ్య బట్టలారేసే తాడు కట్టి ఉంది. చంకలో బెలూను.

"లే నాన్నా. కాలు నొప్పి అనకు. కుర్చీ వేశాను."