తోడికోడలి ముక్కు

ఇంట్లోకి అడుగు పెట్టగానే ఫ్రిజ్ తలుపు బార్లా తెరుచుకుని కనిపించింది. లోపలి దీపం వెలుగుతోంది. కింద గచ్చు మీద నీళ్ళు మడుగు కట్టాయి. డ్యూటీకి వెళ్తూ మా ఆయన నీళ్ళ సీసా తీసుకుని ఉంటాడు. తీసిన తలుపు వెయ్యాలన్న ధ్యాస ఆయనకు పెళ్ళయిన నాటి నుంచీ లేదు. కానీ ఆ ఘనకార్యం ఇవాళే ఎందుకు చెయ్యాలి?

పై అరలో రెండు గిన్నెలున్నాయి, ఒకదాంట్లో చేప ముక్కలు, రెండోదాంట్లో రొయ్యలు. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళి, మొప్పలు ఎత్తి చూసి, కళ్ళు చూసి, వేలితో నొక్కి చూసి తెచ్చిన పండుగప్ప. చర్మం తీసి, ముళ్ళు ఏరి, ముక్కలు కోసి పెట్టి పనికి పోయాను. ఇప్పుడు చూద్దామంటే తలా లేదు, కన్నూ లేదు. వట్టి తెల్లటి ముక్కలు. రొయ్యలూ అంతే, పొద్దున్నే ఒలిచి పెట్టేశాను. వేలు పెడితే చల్లగా లేవు, అలాగని వెచ్చగానూ లేవు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే పని ఒకటే. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు. నేనూ చూశాను. మంచినీళ్ళ గ్లాసు వాసన చూసినట్టే ఉంది.

నాకు వాసన తెలియదు. రెండు నెలల కిందట ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ వాసనను వెంట పట్టుకుపోయింది. "తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పడానికి అంత చదువు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు. నేను ఒక పెద్ద హోటల్లో చేపల పొయ్యి దగ్గర పనిచేస్తాను. వాసన తెలియని వంటమనిషిని ఎవరు ఉంచుకుంటారు? రంగు చూసి, నూనె చప్పుడు విని, పక్కవాళ్ళ మొహాలు చూసి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని హోటల్లో అంటుంటారు. ముక్కు పనిచెయ్యడం మానేసినా కోపం మాత్రం చక్కగా పనిచేస్తోంది.

మా వంటగదిని నడిపే మాస్టర్ గారు ఈ నెలతో రిటైరవుతున్నారు. ఆయన తర్వాత ఎవరన్నది ఆయనే తేల్చాలి. చివరికి మిగిలింది ఇద్దరం, నేనూ నా తోడికోడలూ. అవును, సాక్షాత్తూ మా మరిది భార్యే. దాన్ని అక్కడ పనిలో పెట్టించింది కూడా నేనే. మేము కింది వాటాలో ఉంటాం, వాళ్ళు పై వాటాలో.

"మీ ఇద్దరి ఇళ్ళకీ భోజనానికి వస్తాను" అన్నారు మాస్టర్ గారు. "ఆర్భాటాలేం వద్దు. చేపలూ రొయ్యలూ ఒకే ట్రేలో సర్ది ఓవెన్‌లోకి తోసెయ్యండి. సులువైన వంటలోనే మనిషి చెయ్యి తెలిసిపోతుంది."

నిన్న పైన తిన్నారు. ఇవాళ నా వంతు.

ఆయనకు కిందటేడు కడుపుకి ఆపరేషన్ అయింది. కాస్త తేడా చేసిన చేప తింటే నాకూ మా ఆయనకూ ఒక పూట పడక, అంతే. ఆయనకైతే ఆసుపత్రే, అక్కణ్ణుంచి తిరిగొస్తారన్న భరోసా కూడా లేదు. పారబోసి కోడిగుడ్లు పొరటి పెడదామా అంటే, పదిహేనేళ్ళుగా నేను కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసిన వంటగది మెట్లెక్కి పై వాటాకి పోతుంది. ఇంకో చేప తెద్దామంటే మార్కెట్ ఈ వేళకి కడిగి మూసేసి ఉంటారు. మా ఆయన బస్సు నడుపుతుంటాడు, ఫోన్ ఎత్తడు. ఎత్తినా ఫోన్లో వాసన చూడలేడు కదా.

చిన్న ముక్క తీసి వీధి పిల్లికి వేశాను. లొట్టలేసుకుంటూ తిన్నది. అది చెప్పు పట్టీ వేసినా అలాగే తింటుందని గుర్తొచ్చి, నా తెలివికి నేనే సిగ్గుపడి లోపలికి వచ్చాను.

కాలు కాలిన పిల్లిలా వంటింట్లో తిరుగుతుండగా వెనక తలుపు చప్పుడైంది.

"అక్కా, ఏం చేస్తున్నావ్?" తోడికోడలు. చేతిలో ఖాళీ కప్పు. పంచదార వంకతో నా ట్రే చూడటానికి వచ్చిందని తెలుస్తూనే ఉంది. నిన్న నేనూ ఉప్పు వంకతో పైకి వెళ్ళాను కాబట్టి తప్పు పట్టలేను.

పంచదార డబ్బా తీస్తూ, వీలైనంత తేలిగ్గా అడిగాను. "ఈ చేప ఎలా ఉందో చూడవే ఒకసారి."

అది గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. "నన్ను చూడమంటున్నావా? నువ్వా? హోటల్లో నీ చేప మీద ఎవరైనా చెయ్యి వేస్తే కరవడానికొస్తావుగా."

"చూడమన్నాను, అంతే."

"నువ్వే చూసుకోవచ్చుగా."

గోడ గడియారం వైపు చూశాను. నోటి దాకా వచ్చిన అబద్ధాలు ఒక్కటీ నిలబడేలా లేవు. "నాకు వాసన తెలియట్లేదే. జ్వరం వచ్చిన దగ్గర్నుంచి."

ముక్కున వేలేసుకుంటుందనుకున్నాను. వేసుకోలేదు. కప్పు మెల్లగా బల్ల మీద పెట్టింది. దాని మొహంలో ఏదో కదిలింది, జాలో సంతోషమో నాకు అంతు చిక్కలేదు. రెండూ ఉన్నాయేమో. నేనైతే సంతోషించేదాన్ని, దాచుకోవడం ఎందుకు.

"మాస్టర్ గారికి తెలుసా?"

"తెలిస్తే ఆయన ఇవాళ వచ్చేవారా?"

అది చేతులు కడుక్కుని గిన్నె దగ్గరికి వచ్చింది. చేప ముక్కలు ఒక్కొక్కటే ఎత్తి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. నేను దాని మొహాన్ని చూశాను. బాగుండి బాగాలేదన్నా దానికే లాభం, బాగాలేక బాగుందన్నా దానికే లాభం. లోకంలో ఇన్ని ముక్కులుండగా నా ప్రాణానికి ఈ ముక్కే దొరికింది.

"చేప బాగుంది" అంది. తర్వాత రొయ్యల గిన్నె మీదికి వంగింది. వెంటనే లేచింది. మళ్ళీ వంగింది. "ఇవి పారెయ్ అక్కా."

రొయ్యలు గాజు ముక్కల్లా మెరుస్తున్నాయి. "చూడ్డానికి బాగానే ఉన్నాయే."

"చూడ్డానికి బాగానే ఉన్నాయి."

"నిన్న నువ్వు ట్రే నిండా రొయ్యలు పెట్టావు. నేను వట్టి చేప పెడితే ఆయన ఏమనుకుంటారు?"

"నా మాట మీద నమ్మకం లేకపోతే నన్నెందుకు అడిగావు?" దాని గొంతు లేచింది. "వెయ్యి. అన్నీ ఒకే ట్రేలో కలిపి వెయ్యి. రసం అంతా కలిసిపోతుంది, తర్వాత ఏరి తీసినా లాభం ఉండదు."

దాని మాట నమ్మానని చెప్పను. నమ్మలేదు. కానీ ఒకవేళ నిజమే చెబుతుంటే, ఎదురుగా కూర్చుని తినే మనిషి మాస్టర్ గారు. నాకు కత్తి పట్టడం నేర్పిన మనిషి. గిన్నె ఎత్తి రొయ్యలన్నీ చెత్తబుట్టలోకి దులిపేశాను.

ఆ తర్వాత చేతులు వాటంతటవే పనిచేశాయి. బంగాళాదుంపలు పల్చటి చక్రాలుగా కోసి, ఉల్లిపాయ, వెల్లుల్లి, నూనె కలిపి ట్రేలో పరిచి ముందు ఓవెన్‌లోకి తోశాను. దుంపలు అంచుల్లో రంగు తిరిగాక టమాటాలు, వాటి మీద చేప ముక్కలు, ఉప్పు, మిరియాల పొడి, నిమ్మ చక్రాలు. మళ్ళీ లోపలికి. ఓవెన్ అద్దానికి మొహం ఆనించినంత దగ్గరగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. గాజులా ఉన్న చేప పాలలా మారడం ఒక్కటే నాకు మిగిలిన గుర్తు. తోడికోడలు పైకి వెళ్ళలేదు. నా పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.

మాస్టర్ గారు చెప్పిన వేళకే వచ్చారు. ఆపరేషన్ తర్వాత మనిషి సగమయ్యారు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. "నువ్వూ కూర్చో అమ్మా" అన్నారు దాన్ని చూసి. ముగ్గురం కూర్చున్నాం.

ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. రెండో ముక్క తీసుకున్నారు. ఆ తర్వాత ఫోర్కుతో దుంపల అడుగు నుంచి ఏదో ఏరి పళ్ళెం అంచుకి నెట్టారు. నల్లటి వెల్లుల్లి ముక్కలు.

"మాడుతుంటే వాసన రాలేదూ?"

"ఫోన్ వచ్చింది మాస్టర్" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. తోడికోడలు తల ఎత్తలేదు.

"పర్లేదు. చేప మాత్రం సరిగ్గా ఉడికింది, ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. రొయ్యలతో ట్రే నింపి నన్ను బుట్టలో వేసుకుందామని కూడా చూడలేదు." జేబులోంచి, వంటగది పెద్ద దగ్గర మాత్రమే ఉండే చల్లగది తాళంచెవి తీసి నా పళ్ళెం పక్కన పెట్టారు. "నువ్వే చూసుకో ఇక."

పదిహేనేళ్ళు. చెయ్యి చాపితే చాలు. తోడికోడలు తన పళ్ళెంలోకే చూస్తోంది. ఒక్క మాట అంటే తాళం దానిదవుతుంది, అనడం లేదు. అది అనేసి ఉంటే నేను తిట్టుకుంటూ బతికేసేదాన్ని. అనకపోయేసరికి భారమంతా నా మీద పడింది. రేపు పొద్దున హోటల్లో చేపల బుట్టలు దిగుతాయి. వాటి మీదికి వంగి నేను ఏం చూడాలి? సాయంత్రానికి వందల మంది తింటారు. ప్రతి బుట్ట దగ్గరికీ ఇది పంచదార వంకతో రాదు కదా.

"ఫోన్ రాలేదు మాస్టర్" అన్నాను. "నాకు వాసన తెలియదు. రెండు నెలలైంది. ఈ చేప బాగుందో లేదో చూసి చెప్పింది ఇదే. పాడైన రొయ్యలు పారేయించింది కూడా ఇదే."

ఆయన ఫోర్కు కింద పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎంత పని జరిగిందే" అన్నారు. ఇన్నేళ్ళలో నాతో 'ఏమే' అన్నంత చనువుగా మాట్లాడటం అదే మొదటిసారి. తాళంచెవి తీసి తోడికోడలి వైపు జరిపారు. "నీ పొయ్యి ఎక్కడికీ పోదు. నేను చెప్పి వెళ్తాను. ఇది మాత్రం ఇవ్వలేను."

"తెలుసు మాస్టర్."

ఆయన వెళ్ళిపోయారు. తాళంచెవి దాని ముందే ఉంది, ముట్టుకోలేదు. ట్రేలో మిగిలిన చేప ఇద్దరి మధ్యా పెట్టుకుని చేతులతోనే తినడం మొదలుపెట్టాం. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది. మిగతాదంతా తెల్ల కాగితం నమిలినట్టు. నాకు దుఃఖం ఆగలేదు. వంటగది పోయినందుకు కాదు, నేను వండింది ఏమిటో నాకే తెలియనందుకు.

"వాసన ఎలా ఉందో చెప్పవే" అన్నాను.

అది ట్రే మీదికి వంగింది. "నిమ్మకాయ ముందు తగులుతోంది. తర్వాత చేప... తియ్యగా. టమాటా అంచులు పాకంలా అయిన వాసన." ఆగింది. "అడుగున వెల్లుల్లి మాడిన వాసన." మళ్ళీ ఆగింది. "ఓవెన్‌లో ఉన్నప్పుడే వచ్చిందక్కా నాకు. నీ పక్కనే కూర్చున్నానుగా. చెప్పలేదు."

రొయ్యల దగ్గర మోసం చేస్తుందేమోనని దాని మొహమంతా గాలించాను. వెల్లుల్లి సంగతి అడగాలని నాకు తోచనే లేదు. కోపం వచ్చింది, చెయ్యి కూడా లేచింది.

"మరి రొయ్యల సంగతి ఎందుకు చెప్పావు?"

"అవి తింటే మనిషి పోతాడు. వెల్లుల్లి మాడితే ఏం పోతుంది?"

"నాకు రావాల్సింది పోతుంది."

"అదే అనుకున్నాను" అంది, ఏడుస్తూ.

ట్రే దాని ముందు నుంచి నా వైపు లాక్కున్నాను. కాసేపు నేనొక్కదాన్నే తిన్నాను. ఒక్కదాన్నే తింటే మరీ చప్పగా ఉంది. తిరిగి మధ్యకి తోశాను.

"రేపు బుట్టలు దిగేటప్పుడు నేనూ నీ పక్కన ఉంటాను" అన్నాను. "ఒక్కో చేపా చూసి నాకు నోటితో చెప్పాలి. పొయ్యి మీద ఏదైనా మాడుతున్నా చెప్పాలి. నీకు నష్టమైనా సరే."

"చెప్తాను."

నమ్మాలో వద్దో తెలియలేదు. కానీ ఇకమీదట నాకున్న ముక్కు అదొక్కటే.